బందరుకు ఒక రోజు యాత్రా బస్సు నడపండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నేను విజయవాడలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిని. విజయవాడ నుంచి ప్రతి ఆదివారం ఉదయం బయలుదేరి, మనం బందరు అని పిలుచుకునే మచిలీపట్నాన్ని తీరికగా చూపించి, రాత్రి భోజనాల వేళకు తిరిగి తీసుకువచ్చే ఒక యాత్రా బస్సును, ఊరి చరిత్ర తెలిసిన మార్గదర్శితో సహా, ఏర్పాటు చేయవలసిందిగా మిమ్మల్ని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

దూరం సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా జాతీయ రహదారి ఉంది. రాజధాని అమరావతికి, దాని చుట్టుపక్కలకు రోజూ ఎంతోమంది కొత్తవారు వస్తున్నారు. వారిలో బందరు వెళ్లే వారు ఎక్కువగా చేసేది ఒకటే: నేరుగా మంగినపూడి తీరానికి పోయి, స్నానాలు చేసి, దారిలో లడ్డూలు కొనుక్కుని వెనక్కి రావడం. కార్తిక పౌర్ణమి నాటి సముద్రస్నానాల సందడి నాకూ ఇష్టమే. కానీ మూడు వందల ఏళ్ల పాటు గోల్కొండ రాజ్యానికి, ఆ తరువాతి పాలకులకు సముద్ర ద్వారంగా నిలిచిన పట్టణాన్ని కేవలం స్నానఘట్టంగా చూసి వచ్చేస్తే పిల్లలకు మనం ఏమి చూపించినట్లు?

గత ఏడాది మా ఎనిమిదో తరగతి పిల్లలను అద్దె బస్సులో తీసుకువెళ్లాను. పాఠంలో ఐరోపా వర్తకుల రాక గురించి రెండు పేజీలు ఉంటే వాళ్లు తేదీలు బట్టీ పట్టేవారు. బందరులో వలందపాలెం అనే పేరు చదివి, అది డచ్చివారిని మనవాళ్లు పిలిచిన ‘వలందులు’ అనే మాట నుంచి వచ్చిందని చెప్పగానే, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట (పరాసులంటే ఫ్రెంచివారు) పేర్ల సంగతి వాళ్లే ఊహించి చెప్పారు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ స్థావరాలు వేసుకున్నారన్న విషయం ఆ రోజు నుంచి ఎవరూ మరచిపోలేదు. బందరులోని డచ్చి సమాధుల మీద చెక్కిన వంశచిహ్నాలను వేళ్లతో తడిమి చూస్తూ, ఇంత దూరం వచ్చి చనిపోయిన వాళ్లను ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూశారా అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన గురించి మాత్రం చెప్పాను. ఒక్క రాత్రిలో దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెన తరువాత ఓడరేవు పూర్వవైభవం తిరిగి రాలేదు.

అయితే ఆ యాత్రలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వదలచినది పెడనకు. బందరుకు పది కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరిలో కలంకారీ అద్దకం జరుగుతోంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ టేకు చెక్కతో చెక్కిన అచ్చులతో అద్దుతారు. కరక్కాయ నీటిలో, పాలలో నానబెట్టి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పు ఇనుమును బెల్లంతో కలిపి ఊరబెట్టిన ద్రావణాన్ని అచ్చుతో అద్దితే, కరక్కాయలోని వగరు గుణం ఇనుముతో కలిసి నల్లని గీత కళ్ల ముందే తేలుతుంది. పటిక అద్దిన చోట మాత్రం అప్పటికి ఏమీ కనిపించదు. బట్టను పారే నీటిలో జాడించి, రంగుతో కలిపి కాగులో ఉడికించినప్పుడే అక్కడ ఎరుపు పడుతుంది. రసాయన శాస్త్రం పాఠం చెప్పేవారికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? ఈ బట్టలే ఒకప్పుడు పర్షియాకు, ఐరోపాకు ఓడలెక్కాయి. కాబట్టి రేవు చరిత్రను పెడన అద్దకం నుంచి విడదీయకూడదు.

అందుకే బస్సు ముందుగా పెడనకు వెళ్లాలని నా మనవి. ఎండ ముదరక ముందే పని చూడవచ్చు. కాలువలో నీరు పారే నెలల్లో అయితే జాడించడం కూడా కనిపిస్తుంది, కనుక యాత్రా దినాలను ఆ పనివారితో మాట్లాడి నిర్ణయించాలి. వారి పని ఆపి చూపించే సమయానికి ప్రతి టికెట్టు నుంచి ఒక భాగం తప్పనిసరిగా వారికి చెల్లించాలి. ‘నచ్చితే కొనండి’ అని వదిలేస్తే చాలదు. తరువాత మధ్యాహ్న భోజనం, బందరుకోట, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల, సాయంత్రం చల్లబడ్డాక సముద్రం. ఆ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్య గారే 1921లో విజయవాడలో గాంధీజీకి జెండా నమూనా అందించారని పిల్లలకు చెబితే రెండు ఊళ్లూ వారి మనసులో కలుస్తాయి.

కూచిపూడి దారిలోనే ఉంది కదా, అదీ చేర్చండని కొందరు అంటారు. దయచేసి చేర్చవద్దు. నాట్యానికి పుట్టినిల్లయిన ఆ గ్రామానికి అరగంట కేటాయించడం న్యాయం కాదు. దానికి వేరే ఆదివారం ఇవ్వండి.

మా యాత్రలో ఒక చోట నిలబడటానికి నీడ లేదు, మరొక చోట ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేక గంటసేపు ఇబ్బంది పడ్డారు. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. బస్సు ఆగే ప్రతి చోటా నీడ, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండేలా చూసిన తరువాతే యాత్ర ప్రారంభించండి. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన కొత్త ఓడరేవు పనుల దగ్గర, భద్రతకు భంగం లేని ఒక ఎత్తైన చోటు నుంచి పిల్లలు రేవును చూసే వీలు కల్పించగలిగితే, పాత రేవును చూసిన కళ్లతోనే కొత్త రేవునూ చూస్తారు.

మార్గదర్శులుగా బందరు యువతను ఎంచుకుని శిక్షణ ఇవ్వాలనుకుంటే, నా ఆదివారాలు అందుకు కేటాయిస్తాను. నా పాఠ్య సామగ్రి అంతా ఉచితంగా ఇస్తాను. వచ్చే కార్తిక మాసం నాటికి తొలి బస్సు బయలుదేరేలా ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయవాడ