నీళ్ల రిపోర్టు చూసి చేపకు సర్టిఫికెట్ ఇవ్వకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

సరస్సులోనో సముద్రంలోనో ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిశాయని గొడవ మొదలైతే, కొన్నాళ్లకు "నీటి నమూనాల్లో కాలుష్యం పరిమితికి లోబడే ఉంది, ఆందోళన అక్కర్లేదు" అని ప్రకటన వస్తుంది, పేపర్లు దాన్ని ఉన్నదున్నట్టు వేసేస్తాయి, అక్కడితో అందరూ మర్చిపోతారు. ఆ నీళ్లు తాగేవాళ్లకు ఆ మాట సరిపోతుందేమో గానీ, అందులో పెరిగిన చేపను తినేవాళ్లకు సరిపోదు. ఎందుకో హైస్కూలు ఆహారపు గొలుసు పాఠంలోనే ఉంది.

నీటిలో తేలే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు, అంటే వృక్ష ప్లవకాలు, ఎండతో ఆహారం తయారు చేసుకుంటాయి. వాటిని జంతు ప్లవకాలు అనే తేలే చిట్టి జీవులు, వాటిని చిన్న చేపలు, చిన్న చేపల్ని పెద్ద చేపలు తింటాయి. ఒక పోషక స్థాయి (గొలుసులో ఒక మెట్టు) నుంచి పై స్థాయికి చేరే శక్తి సుమారు 10 శాతమే (చోటును బట్టి మారుతుంది), మిగతాది ఈదడానికి, బతకడానికి ఖర్చయి వేడిగా పోతుంది, కొంత అరక్కుండానే బయటికి పోతుంది. ఆ లెక్కన పెద్ద చేప ఒక కిలో పెరగాలంటే పది కిలోల చిన్న చేపలు, వంద కిలోల జంతు ప్లవకాలు, వెయ్యి కిలోల వృక్ష ప్లవకాలు కావాలి. తిండి అయితే ఇలా ఖర్చయిపోతుంది. మిథైల్ మెర్క్యురీ (పాదరసంలో ఒక రూపం), డీడీటీ (పురుగుల మందు) లాంటివి ఖర్చు కావు, ఒంట్లో తేలిగ్గా విరగవు, తొందరగా బయటికీ పోవు, అందుకే వెయ్యి కిలోల్లో పలచగా ఉన్న విషం మెట్టు మెట్టుకూ చిక్కబడుతూ పైకి వస్తుంది. జైవిక వృద్ధీకరణం అంటే ఇదే. అన్ని కాలుష్యాలూ ఇలా పేరుకోవు, ఆ మాటా చెప్పాలి, కానీ పేరుకునేవాటి విషయంలో నీళ్ల పరీక్ష ఒక్కటే చూసి నమ్మకూడదు.

కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ సంగతే చూడండి. ముసిరే చిన్న పురుగుల్ని చంపడానికి 1949, 1954, 1957లలో ఆ సరస్సులో డీడీటీకి దగ్గరి మందు డీడీడీ కలిపారు. నీటిలో దాని మోతాదు పది లక్షల భాగాలకు 0.02 భాగం, అంటే ఎవరూ పట్టించుకోనంత తక్కువ. ప్లవకాల్లో అది 5 అయింది. చేపలు తిని బతికే గ్రీబ్ పక్షులు చచ్చి తేలుతుంటే ముందు ఏదో రోగం అనుకుని వెతికారు, రోగం దొరకలేదు, చివరికి వాటి కొవ్వును పరీక్షిస్తే 1,600 భాగాలు తేలింది. నీటితో పోలిస్తే 80,000 రెట్లు! జపాన్‌లోని మినమాటాలోనూ అంతే, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లో చేరింది, ఆ చేపలు తిన్న పిల్లులు మూర్ఛతో గిలగిల్లాడి చనిపోయాయి, 1956లో మనుషుల్లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. తల్లి కడుపులోని బిడ్డలకూ అది సోకింది.

ఇది చేపలు మానేయమని రాస్తున్న లేఖ కాదు. గొలుసులో కింది మెట్టు మీదుండే చిన్న చేపల్లో పాదరసం సాధారణంగా తక్కువే, గర్భిణులు సొరచేప తినవద్దని వైద్య సంస్థలు చెప్పేది అది పై మెట్టు మీద చాలా ఏళ్లు బతికే చేప కాబట్టి. పైగా పాదరసం కండలోనే పట్టి ఉంటుంది, తోలు, కొవ్వు తీసేసినా, ఎంత ఉడికించినా పోదు.

అందుకే అధికారులు నీటితో పాటు అడుగు మట్టినీ, చిన్న చేపనూ, ఆ నీటిలో అన్నిటికంటే పై మెట్టున ఉన్న పెద్ద చేపనూ విడివిడిగా పరీక్షించాలి. మీ విలేకరులు కూడా "పరిమితికి లోబడే ఉంది" అన్న ప్రకటన చేతికి రాగానే ఏ జీవిని పరీక్షించారు, అది ఎంత వయసుది అని అడిగి, ఆ జవాబును కూడా వార్తలో వేయండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

— ఒక పాఠకురాలు