ద్రాక్ష తోటలు పీకడానికి డబ్బులిచ్చారు, మరి వైన్ ధర సంగతేంటి మంత్రి గారూ?

ఫ్రాన్స్ వ్యవసాయ శాఖ మంత్రి అనీ జెనెవార్ గారికి,

నమస్కారం అండీ. నేను బోర్దోలో చదువుకుంటున్నాను, మాది శంషాబాద్ దగ్గర పల్లె. రెండేళ్లుగా సెప్టెంబర్ వస్తే గరోన్, దోర్దోన్ నదుల మధ్య ఊళ్లలో ద్రాక్ష కోతలకు కూలికి వెళ్తున్నాను. నేను వెళ్లే తోట రైతుకి 63 ఏళ్లు, భార్యాభర్తలిద్దరే చూసుకుంటారు. పోయిన చలికాలం ఆయన వాళ్ల నాన్న నాటిన మెర్లో అనే వైన్ ద్రాక్ష తోట పీకించేశాడు. పొక్లెయిన్ ఒక్కో మొద్దునీ వేళ్లతో సహా లేపి గుట్ట పోస్తుంటే చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయాడట. ఆవిడ మాత్రం ఒక మొద్దు తెచ్చి వసారాలో పెట్టుకుంది, ఈ సెప్టెంబర్‌లో నేను వెళ్లేసరికి దానికి ఇంకా మట్టి అలాగే ఉంది.

వైన్ అమ్ముడుపోక మిగిలిపోతోంది, తోటలు తగ్గించాలని దానికి మీ ప్రభుత్వం ఇచ్చింది హెక్టారుకు 4,000 యూరోలు, అంటే మా లెక్కలో ఎకరాకు 1,600. బోర్దోకి ముందే 2023లో హెక్టారుకు 6,000 చొప్పున ఒక పథకం పెట్టారు, అదే ఏడాది మిగిలిపోయిన వైన్‌ని ఆల్కహాల్‌గా మార్చడానికి 200 మిలియన్ యూరోలు పెట్టారు, 2025 నవంబర్‌లో మీరే మళ్లీ తోటలు పీకడానికి 130 మిలియన్లు ప్రకటించారు. జనం తాగడం తగ్గిందన్నది నిజమే, అరవైల్లో ఫ్రాన్స్‌లో తలకి ఏడాదికి 100 లీటర్లకు పైగా తాగేవాళ్లు, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. చైనా కొనడం తగ్గించింది, అమెరికా 2025లో 15 శాతం సుంకం వేసింది. ఇవేవీ మీ చేతిలో లేవు, ఒప్పుకుంటాను.

కానీ ధర? కోతల మధ్యలో, మేమంతా భోజనానికి కూర్చున్నప్పుడు వైన్ కొనే దళారి ఆ రైతుకి ఫోన్ చేశాడు. తొన్నోకి, అంటే 900 లీటర్ల కొలతకి, 800 యూరోలట, లీటరుకు ఒక్క యూరో కూడా కాదు. ఆయన ఫోన్ పెట్టేసి రొట్టె సంచి మీదే పెన్సిల్‌తో మందులు, డీజిల్, సీసాల బాకీ, బ్యాంకు వాయిదా అన్నీ కూడాడు, తొన్నోకి మొత్తం 1,200 దాటింది. అయినా అమ్మాడు, పీపాలు ఖాళీ చేయకపోతే కొత్త పంట పోసుకునే చోటు లేదు. రైతు ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుని ధర కట్టాలని 2018లో ఎగాలిమ్ చట్టం తెచ్చుకున్నారు కదా, ఆ చట్టం ఆ ఫోన్ దాకా ఎందుకు రాలేదండీ?

మా తాతకీ అనాబేషాహి తోట ఉండేది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే, ఇప్పుడు అన్నీ ప్లాట్లే. ఒకసారి పందిరి దించాక మళ్లీ ఎవరూ వేయలేదు, అందుకే నాకీ టెన్షన్. దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్బియేర్ కొండల్లో 2025 ఆగస్టులో 16,000 హెక్టార్ల మేర మంటలు పాకినప్పుడు, తోటలు పీకేసిన చోట పొదలు పెరిగి మంటలకు దారి ఇచ్చాయని అక్కడి రైతులే మొత్తుకున్నారు.

పీకాలనుకున్నవాళ్లకి డబ్బులివ్వండి, వద్దనను. ఉండాలనుకున్నవాళ్ల దగ్గర ఖర్చు కంటే తక్కువకి కొనడం నేరమని రాసి, కొన్నవాడికి జరిమానా వేయండి. నేను వెళ్లే తోట రైతుకి ఇంకా నాలుగు హెక్టార్లు మిగిలాయి. కొమ్మ కత్తిరింపులు మార్చిలోపు అయిపోవాలి, కత్తిరించాలా పీకించాలా అని భార్యాభర్తలిద్దరూ రోజూ రాత్రి మాట్లాడుకుంటున్నారు. ఆలోపు ఏదో ఒకటి చెప్పండి.