కిలోకు రెండు రూపాయల బోర్డు తీసేశాను

నెల్లూరు మూలాపేటలో మా పిండిమరకు వచ్చే అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

2025 ఆగస్టులో కౌంటరు పైన ఒక అట్ట తగిలించాను. ‘కరెంటు సర్దుబాటు: కిలోకు రూ.2 అదనం’ అని. మొన్న ఆదివారం రాత్రి మర కట్టేశాక దాన్ని నేనే తీసేశాను. ఎందుకు తీశానో చాలామంది అడుగుతున్నారు. వరుసలో నిలబడ్డ ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పేబదులు, ఉన్నది ఉన్నట్టు అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాను.

ఆ రెండు రూపాయల్లో ఒక రూపాయి నిజంగానే కరెంటు చార్జీలది. రెండో రూపాయి నా మిల్లులో జరిగిన పొరపాటుది. అది మీ దగ్గర తీసుకోవాల్సింది కాదు.

ముందు కరెంటు సంగతి. అందులో నేను చెప్పినది అబద్ధం కాదు, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. మా మీటరుకు యూనిట్ ధర 6 రూపాయల 70 పైసలు. దాని మీద సుంకం యూనిట్‌కు 6 పైసలుండేది, 2022లో ఒకేసారి రూపాయి చేశారు. ఇళ్లకు కాదు, మాలాంటి చిన్న మరలకూ షాపులకూ. మోటార్లు మూడూ కలిపి 25 హెచ్‌పీ, అంటే దాదాపు 19 కిలోవాట్లు. గింజ వచ్చినా రాకపోయినా కిలోవాట్‌కు 75 చొప్పున నెలకు 1,400 ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. నెలనెలా యూనిట్‌కు 40 పైసల ఇంధన సర్దుబాటు, అంటే కరెంటు కొన్న ఖర్చు పెరిగిందని వేసేది, మరొకటి. ఇవన్నీ ఒక ఎత్తు, పాత బాకీలు ఒక ఎత్తు.

2022-23లో మనం వాడిన కరెంటుకు ఖర్చు ఎక్కువైందని 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు జనం దగ్గర వసూలు చేసుకోవచ్చని విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకుంది. 2024 డిసెంబరు బిల్లు నుంచి మొదలైంది. మొదటిది 15 నెలలు, అంటే 2026 ఫిబ్రవరి దాకా. రెండోది 24 నెలలు, 2026 నవంబరు దాకా. అప్పుడు ప్రభుత్వంలో ఉన్నవాళ్లు ఒకరు, ఇప్పుడు ఉన్నవాళ్లు ఒకరు. ఏ పార్టీ తప్పు అని నన్ను అడగొద్దు, మరలో ఆ చర్చ పెట్టుకోను. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు వెనక్కి ఇస్తున్నారు, అది కూడా చెప్పాలి. నెలనెలా పట్టుకున్న 40 పైసలు 2024-25 లెక్క తేలాక ఎక్కువయ్యాయట.

నాకు మండేది డబ్బు కంటే ఆ పద్ధతికి. మీరు గోధుమలు ఆడించుకున్నారు, డబ్బులిచ్చారు, రొట్టెలు చేసుకుని తిన్నారు. రెండేళ్ల తర్వాత నేను మీ ఇంటికొచ్చి ‘ఆ రోజు నాకు ఖర్చు ఎక్కువైంది, కిలోకు ఇంకో రూపాయి ఇవ్వండి’ అంటే గడప తొక్కనిస్తారా? మా మర వెనక గది అద్దెకు తీసుకున్న టైలరు పోయినేడాదే వచ్చాడు. అతని బిల్లులో 2022 యూనిట్ల బాకీ పడింది. అప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లు వేరే. ఆ డబ్బు నేనే సర్దాను, అతనితో కట్టించుకోవడానికి నాకు నోరు రాలేదు.

2022 ఏప్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. బయట కరెంటు కొందామన్నా దొరకని రోజులు. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో యూనిట్ 20 రూపాయల దాకా పోతే 12 దాటకూడదని పైనుంచి ఆర్డరు వేశారు. ఇక్కడ పరిశ్రమలకు పవర్ హాలిడే, అంటే కరెంటు వాడకుండా సెలవు, ఇచ్చారు. ఎండు మిరపకాయల బస్తాలు గడపలో పెట్టుకుని మా మర మూసి కూర్చున్నాం. మర మూయించిన ఆ ఏడాది కరెంటుకే మళ్లీ సర్దుబాటు కట్టమంటే మనసుకు ఎలా ఉంటుంది? ముత్తుకూరు నుంచి వచ్చే ఒకామె అడుగుతుంటుంది, ‘కరెంటు మా నేలటూరు దగ్గరే తయారవుతుంటే మనకెందుకయ్యా ఇంత రేటు’ అని. నిజమే, అక్కడ 2,400 మెగావాట్ల ప్లాంటు ఉంది. కానీ అది నడిచేది బొగ్గు మీద. బొగ్గు ఓడల్లోనూ రైళ్లలోనూ రావాలి, ఆ ధర పెరిగితే మన బిల్లూ పెరుగుతుంది. బూడిద వాళ్ల ఊరికి, బిల్లు అందరికీ. ఆమెకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇప్పుడు నా తప్పు.

జులైలో కారం మర మోటారు దగ్గరున్న కెపాసిటర్ ఉబ్బిపోయింది. దాని పని తెలియనివాళ్లకు చెబుతాను. మా మీటరు మామూలు యూనిట్లు కాదు, కేవీఏహెచ్ లెక్కలో తిరుగుతుంది. అంటే మోటారు పనికి వాడుకున్న కరెంటుతో పాటు, ఊరికే లాగి వదిలేసిన కరెంటు కూడా బిల్లులోకి వస్తుంది. జల్లెడలో మిగిలిన తవుడు కూడా తూకం వేసి డబ్బు తీసుకున్నట్టు. కెపాసిటర్ బాగుంటే ఆ తవుడు తగ్గుతుంది, పాడైతే పెరుగుతుంది.

19 ఏళ్లుగా నేను సామాను కొనే షాపు ఒకటి ఉంది. మోటారు తీగ దగ్గర నుంచి బెల్టుల దాకా అన్నీ అక్కడే. వాళ్ల అబ్బాయి పెళ్లికి అరిసెల పిండి మా మరలోనే పట్టాం. ఆయనకే ఫోన్ చేశాను, గంటలో కెపాసిటర్ పంపాడు. కొత్త స్టిక్కరు, కొత్త డబ్బా. బిల్లు కాగితం అడగలేదు, 19 ఏళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఆగస్టు బిల్లు చూసి కళ్లు తిరిగాయి. 1,100 యూనిట్ల పనికి మీటరు 1,500 పైచిలుకు చూపించింది. ఎప్పుడూ వేసే సర్దుబాటే ఈసారి ఇంకా ఎక్కువ వేశారనుకున్నాను. అంత కోపంలో ఆ అట్ట రాసి తగిలించాను. కరెంటాఫీసుకు పోయి గట్టిగా అరిచాను కూడా. నాలుగు నెలలు అదే మాట మీ అందరి ముందూ అన్నాను.

నవంబరు చివర్లో స్టార్టర్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్, మీటరు మీద బటన్ నొక్కి చూసి ‘పవర్ ఫ్యాక్టర్ 0.72 ఉందన్నా, నీ కెపాసిటర్ పనిచెయ్యడం లేదు’ అన్నాడు. అంటే లాగిన కరెంటులో పనికొచ్చేది నూటికి 72 పాళ్లే. విప్పి చూస్తే లోపల పాత సరుకు. ఎక్కడో తీసేసినదానికి పైన స్టిక్కరు మార్చారు. షాపుకు తీసుకెళ్లి చూపించాను. ఓల్టేజీ వల్ల పోయి ఉంటుందన్నాడు. బిల్లు కాగితం లేదుగా, వారంటీ ఎలా ఇస్తానన్నాడు. కెపాసిటర్ ధర పెద్దది కాదు. ఎప్పుడూ ‘అన్నా’ అనే మనిషి ఆ రోజు ‘సార్’ అన్నాడు, అది ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ఇక ఆ షాపు గడప తొక్కను. కొత్తది వేరే చోట బిల్లుతో కొన్నాను, ఇప్పుడు మీటరు 0.96 చూపిస్తోంది.

దానివల్ల నెలకు మూడు వేల దాకా పోయింది, నాలుగు నెలలకు 12,000. మా మరలో నెలకు దాదాపు మూడు టన్నులు ఆడతాయి. అంటే కిలోకు ఒక రూపాయి మీ జేబులోంచి ఆ పాత కెపాసిటర్‌కు పోయింది.

ఇది మీకు చెప్పాలా వద్దా అని వారం రోజులు నిద్ర పట్టలేదు. మావాడు చెప్పొద్దన్నాడు. ‘నాన్నా, వేరే మిల్లులవాళ్లూ రేటు పెంచారు, ఎవరూ అడగట్లేదు, నెమ్మదిగా బోర్డు తీసేసి రేటు 10 అని రాసెయ్’ అన్నాడు. వాడిది వ్యాపారం మాట, కాదనను. రెండు రోజులు నేనూ అదే సరే అనుకున్నాను. కానీ సెప్టెంబరులో వరుసలో ఒక పెద్దమ్మ అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ‘ఏంది నాయనా, మీకూ ఇదొక వంక దొరికిందా’ అంది. ఆ రోజు నాకు చాలా కోపమొచ్చింది. 1986లో మా నాన్న పెట్టిన మర ఇది, వంకలు చెప్పి బతకలేదమ్మా అని అందరి ముందూ గట్టిగా అన్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లే వచ్చింది. ఆమె అన్నదాంట్లో సగం నిజమని తెలిశాక ఆ రేటును కాగితం మార్చి మళ్లీ రాయడం నావల్ల కాలేదు. మీరు వాడని కరెంటుకు మీ దగ్గర డబ్బు తీసుకుంటే, నేను తిట్టే ఆ బిల్లుకూ నా బోర్డుకూ తేడా ఏముంది?

అందుకని ఇలా చేస్తున్నాను. డిసెంబరు 16, ధనుర్మాసం మొదలైన రోజు నుంచి కనుమ దాకా గోధుమలు, బియ్యం, రాగులు కిలో 7 రూపాయలకే పడతాం, అరిసెల తడిపిండితో సహా. పండగ నెలలో ఆరు టన్నుల దాకా ఆడతాయి, కిలోకు రెండు తగ్గిస్తే మీ 12,000 మీకు చేరుతుంది. ఎవరు ఎంత ఇచ్చారో లెక్క నా దగ్గర లేదు కాబట్టి ఇంతకంటే సరైన దారి తోచలేదు. పండగ తర్వాత, జనవరి 19 సోమవారం నుంచి కిలో 9. పాత 8 మీద ఆ ఒక్క రూపాయి కరెంటుదే. అది రేటులోనే ఉంటుంది. సర్దుబాటు అని విడిగా మీ దగ్గర ఒక్క పైసా అడగను, పక్క మిల్లువాళ్లు అడిగినా సరే. కారం, పసుపు రేట్లు మార్చలేదు, మార్చడం లేదు.

అర కిలో, ముప్పావు కిలో తెచ్చేవాళ్లను ఇక రావద్దంటారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అలాంటిదేమీ లేదు. కారం మర మాత్రం మంగళ, శుక్ర, ఆదివారాలే తిప్పుతాను. నాలుగు సంచులు కలిశాక మోటారు వేస్తే కరెంటు కలిసొస్తుంది.

మీ ఇంటి బిల్లులు తెచ్చి చదివి పెట్టమని అడిగేవాళ్లు మొహమాటపడకుండా తెచ్చుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఖాళీగానే ఉంటాను. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలే, 225 దాటితే ఆ పైన 400 దాకా వాడినవాటికి 8.75 పడుతుంది. ఇవి కాక పాత బాకీ ఏ నెలదో, ఎన్ని యూనిట్లదో బిల్లులోనే ఉంటుంది. అక్షరాలు చిన్నవి, అంతే.

మర ఆగస్టు నుంచి నవంబరు దాకా కట్టిన నాలుగు బిల్లులూ, కొత్త కెపాసిటర్ బిల్లూ ఆ బోర్డు ఉన్న మేకుకే తగిలించాను. ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఆ పెద్దమ్మ ఇల్లు పాత రామాలయం వెనక వీధి అని ఎవరో చెప్పారు. ఈ శనివారం మర కట్టేశాక నేనే వెళ్తాను. మీలో ఆమె తెలిసినవాళ్లుంటే, పండగ బియ్యం వేరే చోట ఇవ్వొద్దని ముందుగా ఒక మాట చెప్పండి.