ర్యాలీకి 11,200, ఆటోలకు 3,640: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు, డ్రైనేజీ, వీధి దీపాల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. ఈ ఏడాది కార్యవర్గం సమయం ఎక్కువగా తాగుడు, గంజాయి వ్యవహారం మీదే పోయింది కాబట్టి నివేదిక కూడా దాని మీదే నడుస్తుంది. "మన కాలనీలో అసొంటివి లేవు" అని పోయినేడు సర్వసభ్య సమావేశంలో అన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. ఆ రోజు కాజీపేట చౌరస్తా వరకు ర్యాలీ తీశాం. ఫ్లెక్సీలు, టోపీలు, మైకు, మజ్జిగ ప్యాకెట్లు అన్నీ కలిపి 11,200 రూపాయలైంది. స్కూలు పిల్లలతో ప్రతిజ్ఞ చేయించాం, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూశారు. ప్రతిజ్ఞ చేసింది అలవాటు లేని పిల్లలు. అలవాటున్నవాళ్లు ర్యాలీ వైపే రాలేదు. ఈ సంగతి ఆ రోజు మాకు తట్టలేదు.

వారం తిరక్కముందే రైలు పట్టాల పక్క ఖాళీ జాగాలో గంజాయి తాగుతున్న ఇద్దరు పిల్లలను మనవాళ్లు పట్టుకున్నారు. చెరి రెండు తగిలించి, వీధి వెంట అందరూ చూస్తుండగా నడిపించి, వాళ్ల ఇళ్ల ముందు నిలబెట్టాం. అందులో నేనూ ఉన్నాను. ఒక పిల్లవాడు ఆ తర్వాత కాలేజీకి పోవడం మానేశాడు, గంజాయి మాత్రం మానలేదు. వాళ్ల నాన్న ఇప్పటికీ నాతో మాట్లాడడు.

అసలు పాఠం ఆగస్టులో నేర్చుకున్నాం. మేస్త్రీ పని చేసే సభ్యుడు ఒకాయన ఉన్నాడు. పేరు రాసినా ఫర్వాలేదన్నాడు కానీ నేనే వద్దన్నాను. పొద్దున లేవగానే క్వార్టర్ పడితే తప్ప చెయ్యి నిలిచేది కాదు. "సారూ, మీరు చెప్తే ఇంటడు" అని ఆయన భార్య ఆఫీసు గదికి వచ్చి ఏడ్చింది. భద్రకాళి గుడిలో ఒట్టు వేయించాం. ఇంట్లో ఒక గదిలో ఉంచి నలుగురం వంతులవారీగా కాపలా కాశాం. మొదటి రోజు చెమటలు, వణుకు. పట్టుదలుంటే అదే పోతుందన్నాం. మూడో రోజు గోడ మీద లేని పురుగులు ఏరడం మొదలుపెట్టాడు, ఎప్పుడో చనిపోయిన అన్నతో మాట్లాడాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టే మనిషికి కబురు పెట్టారు. రెండో వీధిలో ఉండే నర్సు చెల్లె వచ్చి చూసి మమ్మల్ని తిట్టింది. "గాలి లేదు, ఏం లేదు అన్నా. ఒక్కసారే మందు బంద్ పెడితే గిట్లనే అయితది. ఫిట్స్ వస్తే పానం పోతది, ముందుగాల ఆటో పిలువుండ్రి." వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లాం. పది రోజులకు మనిషి మనిషయ్యాడు.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు దానికి ఎదురు నిలవడానికి ఎప్పుడూ ఉరుకుల మీద ఉండడం నేర్చుకుంటుంది. మద్యం హఠాత్తుగా తీసేసినా ఆ ఉరుకు ఆగదు. వణుకు, చెమటలు కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. మతి తప్పడం రెండు నుంచి నాలుగో రోజు మధ్యలో. ఆసుపత్రిలో అయితే మెదడును శాంతపరిచే మందులు ఇచ్చి, మోతాదు కొంచెం కొంచెంగా దించుతూ వస్తారు. విటమిన్ బీ1 ఇంజెక్షన్లు కూడా వేస్తారు. మేం వేయించిన ఒట్టుతో ఆయన చనిపోయేవాడే. ఇలాంటి అవస్థను పట్టుదల లేకపోవడం అని ఇకమీదట సంఘం తరఫున ఎవరూ అనవద్దని తీర్మానం రాసుకున్నాం.

కల్లు గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన తెలంగాణ జబ్బు. చెట్టు కల్లు వేరు, చాలా దుకాణాల్లో సీసాలో వచ్చేది వేరు. దాంట్లో అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. అన్నీ నిద్రకు, ఆందోళనకు వాడే మందులే. తాగేవాడు తనది కల్లు అలవాటు అనుకుంటాడు, నిజానికి వాడికి అలవాటైంది మాత్ర. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఆ సరుకు ఆగిపోగానే జనం పెద్ద సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. దాడులు తప్పని నేననను. 2025 జూలైలోనే హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. కానీ సీసా లాక్కున్నవాళ్లు పక్కనే డాక్టర్ను కూడా పెట్టాలి. మన కాలనీ నుంచి కల్లు కాంపౌండుకు వెళ్లేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా ఇంతవరకు మా దగ్గరికి రాలేదు. మగవాళ్లతో నిండిన కార్యవర్గం ముందుకు ఎందుకు వస్తారు?

సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం 5 గంటలకు, అలవాటు మానాలనుకునేవాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం కమ్యూనిటీ హాలు పై గదిలో కూర్చుంటున్నాం. పేర్లు రాయం, ఫొటోలు తీయం. ఫొటో లేకుండా మన సంఘం చేసిన మొదటి కార్యక్రమం ఇదే అనుకుంటాను. మూడు వారాలు కార్యవర్గమే కూర్చుని చాయ్ తాగి లేచింది. నాలుగో వారం మేస్త్రీ ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు తొమ్మిది కుటుంబాలు వస్తున్నాయి. నర్సు చెల్లె కూడా వస్తుంది, తిట్టడం తగ్గించలేదు.

తల్లులు ఎక్కువగా అడిగేది పోలీసు కేసు గురించి. గంజాయి ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం దారిన, రైళ్లలోనూ మన మీదుగా పోతుంటుంది, పట్టుబడ్డ వార్త లేని నెల ఉండదు. అందుకే "దవాఖానకు పోతే పోలీసులకు చెప్తరు" అన్న భయం. తెలిసిన లాయరును పిలిచి మాట్లాడించాం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల చట్టంలో, 64ఏ సెక్షన్ ఉంది. వాడుక కేసులోగానీ, చిన్న పరిమాణం కేసులోగానీ ఇరుక్కున్న బాధితుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

గంజాయి ఆపితే మద్యం ఆపినట్టు ప్రాణం మీదికి రాదు. కానీ నిద్ర పట్టదు, అన్నం సయించదు, చిన్న మాటకే కోపం. రెండు వారాల దాకా ఇది ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో గొడవలై పిల్లవాడు మళ్లీ పట్టాల పక్కకు పోతాడు. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల వరకు సాగుతుందట, కాబట్టి ఇంటర్ వయసులో మొదలుపెట్టిన వాడికి నష్టం ఎక్కువ. కొందరికి అనుమానాలు, చెవుల్లో మాటలు మొదలవుతాయి. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

రెండు హెచ్చరికలు. ఒకటి, కరెంటు స్తంభాల మీద "మందు మాన్పించే మందు, తెలియకుండా అన్నంలో కలపండి" అన్న కాగితాలు కనబడుతుంటాయి. మద్యం పడకుండా చేసే డైసల్ఫిరాం అనే మాత్ర ఉంది, డాక్టర్లు రోగికి చెప్పి, ఒప్పించి ఇస్తారు. తెలియకుండా పెడితే, ఆ మనిషి పైన తాగితే, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రెండు, మన సభ్యుడొకాయన కొడుకును ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చి నలభై వేలు కట్టాడు. చూడ్డానికి వెళ్తే పిల్లవాడి కాలికి గొలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, లోపలి గదులు చూపించమనండి.

మానినవాళ్లంతా నిలబడలేదు. జనవరి చివర మేడారం జాతరకు పోయి ఇద్దరు మళ్లీ మొదలుపెట్టారు. ఒకాయన మూడు వారాలు ముఖం చాటేశాడు. మేస్త్రీ వెళ్లి "నువ్వు రాకుంటే నాకు చాయ్ సయిస్తలేదు" అని తీసుకొచ్చాడు. బీపీ, ఉబ్బసం మందులు మానేస్తే జబ్బు తిరగబెట్టినట్టే ఇదీ అని డాక్టరు అన్నాడు. వచ్చే దసరాకు దావత్‌లలో ఎవరికీ "ఒక్క పెగ్గే కదా" అని బలవంతం చేయవద్దని సభ్యులకు మనవి.

ఎయిమ్స్ వాళ్లు 2019లో ఇచ్చిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని ఉంది. మన కాలనీలోనూ తొమ్మిది కుటుంబాల వెనక రానివాళ్లు ఎందరో. ఈ నంబర్లు గోడ మీద రాయించాం: వ్యసన విముక్తికి 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, గంజాయి, డ్రగ్స్ అమ్మకాల సమాచారానికి 1908.

మిగతా పనులు. బోరు మోటారు రెండుసార్లు రిపేరైంది. మూడో వీధి డ్రైనేజీ ఇంకా అర్జీ దశలోనే ఉంది. దీపాలు వెలుగుతున్నాయి, ఆ పట్టాల పక్క జాగాలో తప్ప. అక్కడ రెండు దీపాలు, ఒక వాలీబాల్ నెట్టు కావాలని ప్రతిపాదన పెట్టాం.

ఆసుపత్రికి ఆటో ఖర్చులు ఏడాదికి 3,640, ఆదివారం చాయ్‌కి 2,900. వచ్చే జూన్‌లో ర్యాలీ వద్దని, ఆ డబ్బు ఆటోలకు, నెట్టుకు వాడాలని, కార్యవర్గంలో ముగ్గురు మహిళలను తీసుకోవాలని తీర్మానాలు మీ ముందుంచుతున్నాను. ర్యాలీ ఉండాలనే సభ్యులు కోశాధికారి దగ్గర పేర్లు ఇస్తే సమావేశంలో చర్చకు తీసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి