తుఫాను వార్తతో పాటు సముద్రం వేడి కూడా వేయండి

ఎడిటర్ గారికి,

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే పేపర్లలో, టీవీల్లో ఎక్కడ తీరం దాటుతుంది, గాలి ఎంత వేగంతో వీస్తుంది అనే చెబుతారు. కొత్తపట్నం, పాకల, జువ్వలదిన్నె లాంటి మత్స్యకారుల ఊళ్లవాళ్లకి దాని కింద నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కూడా తెలియాలి.

పైనీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటితేనే తుఫాను పుడుతుంది. లేచిన ఆవిరి మేఘంగా మారేటప్పుడు వదిలే వేడే దానికి తిండి. మామూలుగా గాలి సముద్రాన్ని కలియబెట్టి అడుగునున్న చల్లనీళ్లను పైకి తెస్తుంది, దాంతో తుఫాను కాస్త నీరసిస్తుంది. మన బంగాళాఖాతంలో గంగ, గోదావరి లాంటి నదులు తెచ్చిపోసే మంచినీళ్లు తేలిక కాబట్టి పైనే ఉండిపోతాయి, ఆ చల్లదనం అంత తేలిగ్గా పైకి రాదు.

భూమి మీద పేరుకున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోయింది. దీనివల్ల తుఫాన్ల సంఖ్య పెరిగిపోతోందని చాలామంది అంటారు గానీ అది సరికాదు, వచ్చేవాటిలో బలమైనవి ఎక్కువవుతున్నాయి, చూస్తుండగానే ముదురుతున్నాయి. 2020 మేలో ఆంఫన్ 30 డిగ్రీలు దాటిన నీళ్ల మీద తుఫానుగా మారిన రెండు రోజుల్లోపే సూపర్ సైక్లోన్, అంటే మన దగ్గర అన్నిటికన్నా బలమైన రకం తుఫాను అయింది. 2023 అక్టోబర్‌లో మెక్సికోలోని అకపుల్కో మీద పడ్డ ఓటిస్ అయితే ముందురోజు పొద్దున ఓ మోస్తరు తుఫానే, అర్ధరాత్రి దాటాక కేటగిరీ 5 హరికేన్‌గా, అంటే అక్కడి కొలతలో అన్నిటికన్నా బలమైన తుఫానుగా తీరం తాకింది.

అలాంటిది మన దగ్గర వస్తే? పడవ ఇంజిన్ విప్పి ఇంటికి చేర్చాలి, తడిసిన వలలు మోయాలి, నలుగురైదుగురు కలిసి పడవను ఇసుక మీదికి లాగాలి, అందరూ ఒకేసారి మొదలుపెడితే పగలంతా సరిపోదు. ఎక్కడో అల్పపీడనమేలే అని సముద్రం లోపలికి వెళ్లినవాళ్లకి ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇళ్లల్లో టెన్షన్ చెప్పనలవి కాదు. వేడెక్కిన గాలి డిగ్రీకి 7 శాతం దాకా ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది కాబట్టి వానా ఎక్కువే. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ నెల్లూరు తీరం పక్కనే మెల్లగా నడిచి బాపట్ల దగ్గర దాటేలోపు కురిసిన వాన రైతులెవరూ మరిచిపోలేదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర సముద్రం వేడి లెక్కలు రోజూ ఉంటాయి, చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సూచనల్లోనూ వాటినే వాడతారు. కాబట్టి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జిల్లా పేజీలో రోజూ రెండు అంకెలు వేయండి. ఇవాళ బంగాళాఖాతం ఎన్ని డిగ్రీలుంది, ఈ రోజుల్లో మామూలుగా ఎంత ఉంటుంది. బంగారం ధర వేసే చోట పక్కనే రెండు లైన్లు చాలు.

ఒక పాఠకుడు,
కొత్తపట్నం, ప్రకాశం జిల్లా