మోగని సైరన్ గురించి కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖపట్నంలో, గోపాలపట్నం దగ్గరి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ప్రమాద సైరన్ మోగించేందుకు 36 చోట్ల ఏర్పాటు ఉంది. గేటు దగ్గర కూడా ఉంది. ఎవరూ మోగించలేదు. ఇది నేను అంటున్న మాట కాదు. ఐఏఎస్ అధికారి నీరభ్ కుమార్ ప్రసాద్ గారి అధ్యక్షతన ప్రభుత్వమే వేసిన హైపవర్ కమిటీ ఆ ఏడాది జూలైలో ఇచ్చిన నివేదికలో ఉంది. ఆ సైరన్ గురించే మీకు ఈ ఉత్తరం.

నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రమాదం మిగతా వాటిలాంటిది కాదని అందుకే పదేపదే చెబుతుంటాను. మంట లేదు, పేలుడు లేదు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగిపోయి ఉంది. ట్యాంకులో ద్రవం ఊరికే నిలవ ఉంది. కానీ స్టైరీన్ ఊరికే ఉండే పదార్థం కాదు. దాని అణువులు తమంతట తామే ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి, అతుక్కున్నప్పుడల్లా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా అతుక్కుంటాయి. అందుకే దాన్ని రాత్రీ పగలూ చల్లగా ఉంచాలి, అలా అతుక్కోకుండా ఆపే టీబీసీ అనే నిరోధకం తగినంత కలిపి ఉంచాలి. ఎం6 అనే ఆ ట్యాంకు దగ్గర శీతలీకరణ యంత్రాలను సాయంత్రం ఆపేసేవారని, ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగున మాత్రమే ఉందని కమిటీ తేల్చింది. ఎండాకాలం చెరువులో దిగితే పై నీళ్లు కాగుతుంటాయి, పాదాల దగ్గర చల్లగా ఉంటుంది. అడుగున చూసి అంతా చల్లగానే ఉందనుకున్నారు. టీబీసీని ప్రమాదం జరిగాక గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది. ట్యాంకు పక్కన గోదాములో ఉండాల్సిన మందు అది.

స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది. వెంకటాపురం, వెంకటాద్రి గార్డెన్స్, నందమూరి నగర్, పద్మనాభనగర్, కంపరపాలెం జనం నిద్రలో ఉన్నారు. వాళ్లను లేపింది సైరన్ కాదు, కళ్ల మంట, ఊపిరాడకపోవడం. పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తిన వాళ్లు దారిలోనే కుప్పకూలారు. చీకట్లో బావిలో పడినవారూ ఉన్నారు. ఆవులూ గేదెలూ కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. ప్రభుత్వ లెక్కలో 12 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలు ఉన్నారు. వందల మందిని కేజీహెచ్‌కీ ఇతర ఆసుపత్రులకీ మోసుకెళ్లారు. ఆ రాత్రి తలుపులు పగలగొట్టి ఇరుగుపొరుగుని బయటికి లాగిన కుర్రాళ్లకు, ముఖానికి సరైన రక్షణ కూడా లేకుండా లోపలికి వెళ్లిన పోలీసులకు ఈ నగరం ఎంత రుణపడి ఉందో చెప్పలేను.

సైరన్ మోగి ఉంటే అందరూ బతికేవారని నేను అనను. అసలు మోగినా ఎటు పోవాలో వాళ్లకు ఎవరు చెప్పారు? పారిశ్రామిక ప్రాంతంలో సైరన్ అంటే జనానికి షిఫ్టు మారడమే. ప్రమాద సైరన్ ఎలా ఉంటుంది, పక్క ట్యాంకులో ఉన్నదేమిటి, గాలి వీచే దిక్కుకు అడ్డంగా పోవాలా, మేడ మీదికి ఎక్కాలా, తలుపులు మూసుకుని ఉండాలా? ఇవి తెలిస్తే తప్ప ఆ మోత ఉత్త చప్పుడే.

ఇవి చెప్పాలని చట్టం ఎప్పుడో అంది మంత్రి గారూ. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకే కాక చుట్టుపక్కల ప్రజలకూ తెలియజేయాలంది. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనలు ఇంకా స్పష్టం: ఫ్యాక్టరీ లోపల ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్, బయట ఊళ్లను కాపాడే ప్రణాళికకు ఏడాదికోసారి రిహార్సల్. కాగితం మీద లోటేమీ లేదు. లోటంతా ఊరికీ ఆ కాగితానికీ మధ్యనే ఉంది.

డ్రిల్లులు పెడితే జనం బెదిరిపోతారని, పెట్టుబడులు రావని అనే అధికారులున్నారు. నాకు ఆ వాదన మీద ఏమాత్రం గౌరవం లేదు. పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఏం చేయాలో జాలరిపేటలో పిల్లలకు కూడా తెలుసు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ముందే చెప్పారు కాబట్టి వేలమంది ముందే కదిలారు. ఎవరూ బెదిరి ఊరొదిలి పోలేదు. తుపానుకు ఇచ్చిన మర్యాద స్టైరీన్‌కు, అమ్మోనియాకు, ఎల్‌పీజీకి ఎందుకివ్వరు? 1997 సెప్టెంబర్ 14 ఆదివారం ఉదయం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై పేలి యాభై మందికి పైగా పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ద్రావకం లీకై, ఆవిరి పేలి 17 మంది పోయారు. నష్టపరిహారాలు ప్రకటించడం మన ప్రభుత్వాలకు బాగా వచ్చింది. ముందుగా చెప్పడం ఇంకా రాలేదు.

వెంకటాపురం కేసులు, పరిహారాల జోలికి ఈ ఉత్తరంలో వెళ్లను. నా కోరిక చిన్నది. విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల్లో భారీ ప్రమాదానికి అవకాశమున్నట్టు మీ శాఖ గుర్తించిన ప్రతి ఫ్యాక్టరీకీ తెలుగులో ఒక్క పేజీ రాయించండి: లోపల ఏముంది, వాసన ఎలా ఉంటుంది, సైరన్ ఎలా మోగుతుంది, మోగితే ఎటు వెళ్లాలి. దాన్ని గ్రామ, వార్డు సచివాలయం గోడ మీద, రేషన్ దుకాణం దగ్గర, బడిలో అంటించండి. ముందే దండోరా వేయించి పట్టపగలు ఆ సైరన్ ఒకసారి మోగించండి, ముసలివాళ్లూ పిల్లలూ చెవులారా వినాలి. ఆ రోజు కలెక్టర్ గారు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో కాకుండా ఊళ్లో ఉండాలి. రాత్రి షిఫ్టులో ఉండేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. పైవాళ్లకు ఫోన్ చేసి అనుమతి అడగకుండానే సైరన్ మోగించే హక్కు వాళ్లకుందని, మోగించినందుకు ఉద్యోగం పోదని రాతపూర్వకంగా ఇప్పించండి.

అన్నిటికంటే ముందు, ఈ రెండు జిల్లాల్లో ఏ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లలో చివరిసారి రిహార్సల్ ఎప్పుడు జరిగిందో, ఊరివాళ్లు ఎంతమంది పాల్గొన్నారో తేదీలతో సహా బయటపెట్టండి. ఆ వివరాలు ప్రభుత్వం దగ్గర ఉండి తీరాలి. వచ్చే మే 7 లోపు మా సచివాలయాల్లో అవి కనబడాలి.

ఇట్లు,
సింహాచలం కొండ కింద నివసించే ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు