థియేటర్ కమాండ్‌ల జాప్యం

ఒక ప్రాంతంలోని త్రివిధ దళాలను ఒకే అధికారి కిందకు తెచ్చే థియేటర్ కమాండ్‌ల ఏర్పాటులో ఇంత జాప్యం తగదు. సైన్యానికి 7, వైమానిక దళానికి 7, నౌకాదళానికి 3 కమాండ్‌లు దేనికవే నడుస్తున్నాయి. తూర్పు కమాండ్‌నే తీసుకోండి: సైన్యానిది కోల్‌కతాలో, వైమానిక దళానిది షిల్లాంగ్‌లో, నౌకాదళానిది విశాఖలో. ఎదురుగా చైనా 2016లోనే 7 సైనిక ప్రాంతాలను 5 థియేటర్ కమాండ్‌లుగా మార్చి, మన సరిహద్దును ఒకే పశ్చిమ కమాండ్‌కు అప్పగించింది. ఉన్న విమానాలే తక్కువ, వాటినీ పంచితే ఎలా అన్న వైమానిక దళం అభ్యంతరంలో పస లేకపోలేదు. యుద్ధ విమానాల కేటాయింపును ఢిల్లీలోనే ఉంచితే ఆ టెన్షన్ తగ్గుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. సర్వీసులో ఉండగా నేను గమనించిందేమిటంటే, ఉమ్మడి పోస్టింగ్ అనగానే ప్రమోషన్‌కు దూరమైపోతామని అధికారులు వెనకాడతారు. అమెరికా 1986లో గోల్డ్‌వాటర్-నికోల్స్ చట్టంతో ఈ ముడి విప్పింది. ఉమ్మడి విధుల అనుభవాన్ని జనరల్ స్థాయి పదోన్నతికి షరతు చేసింది. ఇక్కడా బ్రిగేడియర్, ఆ సమాన హోదాల నుంచి పైకి వెళ్లేవారికి ఇదే నిబంధన పెట్టాలి. 2001 నుంచి ఉమ్మడిగా నడుస్తున్న అండమాన్ నికోబార్ కమాండ్ అనుభవాన్ని మదింపు చేసి, మిగతా కమాండ్‌లకు గడువు తేదీలను రక్షణ శాఖ పార్లమెంటు ముందుంచాలి.

- ఒక మాజీ సైనికుడు